నోటుబుక్కులో ఉండిపోయిన ఉత్తరం

నారాయణఖేడ్‌లో సీనియర్ స్టెనోగ్రాఫర్‌గా నేను చేరింది పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం, పూర్వాహ్నం. పూర్వాహ్నం అని విడిగా చెప్పడం మా అలవాటు. ప్రభుత్వోద్యోగి భోజనానికి ముందు చేరాడా, తరవాత చేరాడా అన్నది కూడా జాయినింగ్ రిపోర్టులో రాయాలి. అది డివిజన్ స్థాయి ఆఫీసు. ఏ శాఖదో చెప్పను. అక్కడ నాతో పనిచేసినవాళ్లలో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఇప్పుడు చెప్పబోయే వ్యవహారంలో తప్పు నా ఒక్కడిదే.

స్టెనో పని బయటివాళ్లకు సులువుగా కనిపిస్తుంది. ఆఫీసరు చెబుతాడు, స్టెనో రాసుకుంటాడు, టైపు చేస్తాడు, అంతే కదా అంటారు. కష్టం ఎక్కడుందో చెబుతాను. షార్ట్‌హ్యాండ్‌లో అక్షరాలుండవు, ధ్వనులకు గీతలుంటాయి. మన తెలుగులాగే, వినబడ్డది వినబడ్డట్టు రాస్తాం. ఇంగ్లీషు స్పెల్లింగు అలా నడవదు. ఇల్లు కట్టే జాగా సైట్, కంటి చూపూ సైట్, ఉత్తర్వును ఉదహరించడమూ సైట్ చేయడమే. మూడింటికీ స్పెల్లింగులు వేరు, నా నోటుబుక్కులో మాత్రం మూడింటికీ ఒకే గీత. కాగితాలూ కలాలూ స్టేషనరీ, కదలకుండా నిలబడ్డ జీపు కూడా స్టేషనరీయే. ఆఫీసరు నోటి నుంచి వచ్చినప్పుడు తేడా తెలియదు, రాసుకున్నప్పుడూ తెలియదు. టైపు చేసే క్షణంలో స్టెనో ఒక్కడే తేల్చుకోవాలి.

నాకు షార్ట్‌హ్యాండ్ నేర్పిన మాస్టారు రెండు నియమాలు పెట్టారు. ఒకటి, ఏ రోజు డిక్టేషన్ ఆ రోజే టైపు కావాలి. చల్లారిన గీతలు రాసినవాడికే అర్థం కావని ఆయన అనేవారు. రెండోది, టైపు అయిపోయిన పేజీ మీద పైనుంచి కిందికి ఒక నిలువు గీత కొట్టాలి. ఆ గీత లేని పేజీ అంటే పని మిగిలి ఉన్న పేజీ అన్నమాట. ముప్పై ఏళ్లకు పైగా ఈ రెండింటినీ తప్పకుండా పాటించాను.

వీటికి తోడు నాకు సొంతంగా ఇంకో అలవాటుండేది. ఒకేలా పలికే ఇంగ్లీషు మాటలు ఎక్కడ తగిలినా ఒక పొడవాటి నోటుబుక్కులో జంటలుగా రాసుకునేవాణ్ని. దాన్ని జోడీల బుక్కు అనుకునేవాణ్ని. రెండు వందలకు పైగా జోడీలు పోగయ్యాయి. ఏ ఆఫీసుకు బదిలీ అయినా అది నా సొరుగులో, తాళం కింద ఉండేది. ఎవరికీ చూపించలేదు. అది నా విద్య అని నా లెక్క. ఇతరులకు చూపిస్తే అరిగిపోతుందన్నట్టు దాచుకున్నాను.

మా ఆఫీసులో టైపిస్టు మహానంద. కంగ్టి అవతల, దాదాపు కర్ణాటక సరిహద్దు మీదున్న ఊరు ఆమెది. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, బజారులో ఉర్దూ. ఇంగ్లీషు డిగ్రీదాకా చదివిందే కాని గొప్పదేమీ కాదు, షార్ట్‌హ్యాండ్ అసలే రాదు. హోదాలో నాకంటే రెండు మెట్లు కింద. నేను ఇచ్చిన చిత్తును ఫెయిర్ కాపీ చేయడం, అంటే సంతకానికి పోయే శుభ్రమైన ప్రతి తయారుచేయడం ఆమె పని. దాని నకలు ఫైల్లో ఉంటుంది, దాన్ని ఆఫీసు కాపీ అంటాం.

ఆమె చేరిన కొత్తలోనే నా జోడీల బుక్కు సంగతి ఎలా తెలిసిందో, వచ్చి అడిగింది. “ఒక్క దినం ఇయ్యుండ్రి సార్, చూసి ఇస్త. నాకు గా మాటలల్ల మస్తు పరేషాన్ అయితుంది.”

ఇంట్లో ఉందమ్మా అన్నాను. బుక్కు నా మోకాలికి తగులుతున్న సొరుగులోనే ఉంది. మరో రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే జవాబు. తరవాత అడగడం మానేసింది.

ఆ చలికాలంలో కంగ్టి మండలంలోని ఒక ఊరి నుంచి అర్జీ వచ్చింది. దాని మీద ఆఫీసరు ఉత్తరం చెప్పారు, నేను దించుకున్నాను, చిత్తు టైపు చేసి మహానందకు పంపాను. పది నిమిషాల్లో ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా వంగి చెప్పింది.

“సార్, గిది నీళ్ల బోరు కాదు. పంది బోరు. అడివి పందులు వడి కంది చేను ఆగమైందని రాసిండ్రు. అర్జీ చదివిన నేను.”

ఇంగ్లీషులో అడవి పందీ బోరే, స్పెల్లింగు ఒక్కటే వేరు. చిత్తు అంచున, ఆ మాట పక్కన పెన్సిల్‌తో, తుడిస్తే పోయేటట్టు, చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఉంది. అలాగే పంపి ఉంటే ఆ ఉత్తరం తాగునీటి శాఖకు పోయి, రెండు నెలలు తిరిగి వచ్చేది. నేను అర్జీ చదవలేదు. ముప్పై ఏళ్లలో ఏ అర్జీనీ చదవలేదు. చెవికి, చేతికి, జోడీల బుక్కుకే నా పని ఉండేది.

“తెలుసు, టైపులో పడ్డది,” అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు. పైగా ఒళ్లు మండింది. నలుగురిలో చెప్పి ఉంటే కొట్లాడేవాణ్ని. నా పరువు కాపాడుతూ చెవిలో చెప్పింది కాబట్టి ఆ అవకాశం కూడా లేకపోయింది.

అప్పటి నుంచి ఆమె మీద నా కళ్లుపడ్డాయి. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతుంటే నేను ఆమె టైపు చేసిన కాగితాలు తీసి వరస వరసా వెతికేవాణ్ని. ఒక్క తప్పు దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు. దొరకనికొద్దీ కడుపులో మంట ఎక్కువైంది.

ఇక లాభం లేదని ఒకరోజు టీ వేళ అందరి ముందూ పరీక్ష పెట్టాను. కల్హేర్ నుంచి రోజూ మోటారుసైకిల్ మీద వచ్చే మా సూపరింటెండెంట్ విఠల్ కూడా ఉన్నారు. సూపరింటెండెంటంటే ఆఫీసరు తరవాత ఆఫీసును నడిపేవాడు. సరదాకి అన్నట్టు నవ్వుతూ, “మహానందా, సైట్ అంటే స్పెల్లింగేంటి?” అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. “యార మనె?” అంది.

అది కన్నడం. ఎవరిల్లు అని అర్థం. విఠల్‌కు నవ్వొచ్చింది. “గదేంది, ఇల్లడుగుతవ్?” అన్నారు.

“మా ఊర్ల మల్లమ్మలు ఐదుగురున్నరు సార్,” అంది మహానంద. “తాత పేరు, అవ్వ పేరు పెట్టుడే కద మా దిక్కు. వాకిట్ల నిలవడి మల్లమ్మా అని పిలిస్తే ఐదుగురు తిరుగుతరు. యార మనె మల్లమ్మ అంటే ఒక్కతే తిరుగుతది. గీ మాటలు గూడ గంతే. ఒట్టి మాట అడిగితె నేను చెప్పలేను. దాని పక్కకు ఎవలున్నరు, అది ఏ ఫైల్ది, గది చెప్పుండ్రి. ప్లాటు ఫైలా, కండ్ల దవాఖాన ఫైలా?”

అందరూ నవ్వారు. నన్ను చూసి కాదు, ఆ మాట తీరుకు. కాని నాకు అలా అనిపించలేదు. ఆ రోజు నుంచి తపాలులో ఏ కాగితం వచ్చినా విఠల్ “యార మనె?” అని అడిగి సెక్షన్లకు పంచేవారు. రెండు వందల జోడీలు కంఠతా వచ్చిన నన్ను అడిగేవాడు లేడు. ఐదుగురు మల్లమ్మలు ఆఫీసునంతా ఏలారు.

దానికన్నా నన్ను కోసింది కుర్చీ సంగతి. ఆఫీసరు గదిలో ఆయన బల్లకు ఎడమ పక్కన ఉండే కుర్చీ స్టెనోది. డిక్టేషన్ తీసుకునేవాడు తప్ప ఎవరూ దాంట్లో కూర్చోరు. సరిహద్దు ఊళ్ల నుంచి కన్నడంలో అర్జీలు వచ్చినప్పుడు ఆఫీసరు మహానందను పిలిచి చదివించుకునేవారు. ఒకరోజు నేను నోటుబుక్కు పట్టుకుని లోపలికి వెళ్లేసరికి ఆమె ఆ కుర్చీలో ఉంది. లేవబోయింది. ఆఫీసరు “కూర్చోండి, ఫైలు అయిపోనివ్వండి” అని, నన్ను చూసి “ఐదు నిమిషాలాగి రండి” అన్నారు. వరండాలో పావుగంట నిలబడ్డాను. నా వయసు యాభై ఆరు. బడిలో క్లాసు బయట నిలబెట్టిన పిల్లాడికి కూడా అంత ఏడుపు వచ్చి ఉండదు.

మూడో ఏడు, ఆగస్టు మొదటివారం. ఆగస్టు పదిహేనున జిల్లా కేంద్రంలో జెండా వందనం తరవాత మంచి పనిచేసిన ఉద్యోగులకు ప్రశంసా పత్రాలు ఇస్తారు. ఒక్కో ఆఫీసు ఒక పేరు పంపాలి. కారణాలు రాస్తూ ఆఫీసరు సిఫారసు చేయాలి. ఆ ఏడు నా పేరే పోతుందని నేను ఎదురుచూస్తున్నాను. సర్వీసంతా రానిది, ఇంకా మూడు నాలుగేళ్లలో రిటైరవుతాను, ఈసారైనా రాకపోతుందా అని.

శిక్షణ కోసం ఆఫీసరు పది రోజులు హైదరాబాదు వెళ్లాలి. బయలుదేరే ముందు సాయంత్రం, జీపు స్టార్టయి ఉండగా నన్ను పిలిచారు. నిలబడే చెప్పడం మొదలుపెట్టారు, నేనూ నిలబడే దించుకున్నాను. మొదటి వాక్యం ఉత్తరం విషయం. రెండో వాక్యంలో పేరు. కుమారి మహానంద, టైపిస్టు.

చెయ్యి ఆగలేదు. డిక్టేషన్‌లో చెయ్యి ఆగదు, అది మెదడును అడగదు. ఏడాదిగా ఈ ఆఫీసు నుంచి వెళ్లిన ఉత్తరాల్లో ఒక్కటి కూడా తప్పుందని తిరిగి రాలేదని చెప్పారు. చిత్తును ముట్టుకునే ముందు ఆమె ఫైలంతా చదువుతుందని చెప్పారు. చేతిరాత అర్థంకాని అర్జీని కూడా చివరి వరసదాకా చదివి, అర్జీదారు ఏమడిగాడో తెలుసుకున్నాకే వేళ్లు కీబోర్డు మీద పెడుతుందని, ఇలాంటి అలవాటు తన సర్వీసులో ఇంకొకరిలో చూడలేదని చెప్పారు. మామూలుగా డిక్టేషన్ కాగానే స్టెనో చదివి వినిపించాలి. ఆ రోజు ఆయనకు తొందర. “రేపు టైపు చేసి విఠల్ గారి సంతకంతో పంపేయండి” అని జీపెక్కారు.

ఆయన ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. ఉత్తరం నా నోటుబుక్కులో ఉంది, నా గీతల్లో ఉంది. ఆ గీతలు చదవగలిగిన మనిషి ఆ తాలూకాలోనే నేనొక్కణ్నే.

మర్నాడు టైపు చేయలేదు. ఆ మర్నాడూ చేయలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక పేజీ నిలువు గీత లేకుండా పడుకుంది. నాశనం చేయాలని అనుకోలేదు. వాయిదా వేస్తున్నాను అనుకున్నాను. ఓర్వలేనివాడు తన పనికి మంచి పేరే పెట్టుకుంటాడు.

గడువు రోజు మధ్యాహ్నం విఠల్ నా బల్ల దగ్గరికి వచ్చారు. “సార్ ఎవలి పేరన్న చెప్పి పోయిండా? ఇయ్యాల్నే ఆఖరు దినం.”

“చెప్పలేదు,” అన్నాను.

ఆయన ఫోను తీశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. “క్లాసుల ఉంటడు, ఎందుకు తక్లీఫ్. మీరే సీనియర్ కద, మీ పేరు పంపుదాం. కారణాలు మీరే రాసుకోండ్రి, జల్దీ దస్కత్ వెడ్త.”

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకునే తాగాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా గురించి ఏం రాసుకోవాలో తోచలేదు. సమయపాలన, విధేయత అని రెండు ముక్కలు కొట్టి చెరిపేశాను. నోటుబుక్కు తెరిచాను. ఆఫీసరు చెప్పిన ఉత్తరాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. పేరు, హోదా మార్చాను. ఆమె అని వచ్చిన నాలుగు చోట్ల అతను అని పెట్టాను. అంతకంటే మార్చాల్సింది ఏమీ కనిపించలేదు. విఠల్ చదవకుండానే సంతకం పెట్టారు. పేజీ మీద నిలువు గీత కొట్టడానికి పెన్సిల్ తీసి, కొట్టలేక పక్కన పెట్టాను.

పత్రం వచ్చింది. సంగారెడ్డి వెళ్లి తీసుకున్నాను, చప్పట్లు కొట్టారు. ఫ్రేము కట్టించి గోడకు పెడదామని మా ఇంటావిడ అంటే, మేకు దిగని గోడ అని చెప్పాను. ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచాను. మహానంద తీసుకుని, “మంచిగున్నది సార్, మీ లెటరు. అచ్చం సార్ మాట్లాడినట్లనే ఉన్నది. ఒక్క తప్పు లేదు,” అంది. ఫైల్లో ఆఫీసు కాపీ చదివిందన్నమాట. ఆమె చదవని ఫైలు ఉంటుందా? గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకున్నాను. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు.

ఆఫీసరు తిరిగివచ్చి ఆ ఫైలు తెప్పించుకున్నారు. ఆఫీసు కాపీ మీద చూసినట్టుగా పొడి సంతకం, తేదీ. నన్ను పిలుస్తారని వారం రోజులు అన్నం సహించలేదు. పిలవలేదు. డిక్టేషన్‌కు మాత్రం రోజూ పిలిచేవారు, ఎప్పటిలాగే మీరు అనేవారు. అలా ఐదు నెలలు. తిట్టి ఉంటే ఒక్క రోజుతో పోయేది.

జనవరి మొదటి వారంలో, గణతంత్ర దినానికి మళ్లీ పేర్లు పంపాలని జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఆఫీసరు బెల్లు కొట్టారు. లోపలికి వెళ్లేసరికి మహానంద ఎదురు కుర్చీలో ఉంది. ఎడమ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, నన్ను కూర్చోమన్నారు. చెప్పడం మొదలుపెట్టారు. అదే ఉత్తరం. అవే వాక్యాలు, అదే వరసలో. ఆఫీసు కాపీ చదివి కంఠతా పట్టారో, మొదటి నుంచీ గుర్తుందో తెలియదు.

ఇంతకు ముందే చెప్పాను, చెయ్యి మెదడును అడగదు. ఫైలంతా చదువుతుంది అన్న వాక్యం మధ్యలో ఆయన ఠక్కున ఆగారు. నా పెన్సిల్ ఆగలేదు. ఆ వాక్యం పూర్తిచేసి, తరవాతి వాక్యంలోకి పోయి, అర్జీదారు దాకా రాసింది. గదిలో ఎవరి గొంతూ లేదు, నా పెన్సిల్ చప్పుడే ఉంది. అది తెలిసి చెయ్యి వెనక్కి తీసుకునేసరికి ఆలస్యమైపోయింది.

ఆఫీసరు నోటుబుక్కు వైపు చూశారు. ఆ గీతలు ఆయనకు రావు. రావలసిన అవసరం లేకపోయింది.

“నాకంటే ముందున్నారు మీరు,” అన్నారు. “రాసినంతవరకు చదవండి.”

చదివాను. ఆయన చెప్పినదీ చదివాను, చెప్పనిదీ చదివాను. మహానంద వింటూ ఉంది. అయిపోయాక ఆయన, “మిగతాది కూడా మీకు తెలుసు. టైపు చేసి తెండి,” అన్నారు. అంతే. ఆ విషయం మీద ఆయన నాతో మాట్లాడిన మాటలు ఇవే. పది నిమిషాల్లో టైపు చేసి సంతకం పెట్టించాను. పేజీ మీద నిలువు గీత కొట్టాను. ఆ నెలాఖరున పత్రం ఆమెకు వచ్చింది.

ఉత్తరం డిస్పాచ్‌కు ఇచ్చి వస్తుంటే వరండాలో మహానంద ఎదురైంది. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఆమే అందుకుంది.

“ఆగస్టులనే తెలుసు సార్. ఫైలంత చదువుతడు అని రాసి ఉన్నది. గా మాట మీ ఇంటిది కాదు కద.”

కోపంగా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. నేను తల దించుకున్నాను. ఆమె కదల్లేదు.

“ఇగనన్న గా జోడీల బుక్కు ఇస్తరా?” అంది.

వెళ్లి సొరుగు తాళం తీసి ఇచ్చాను. వారం తరవాత తిరిగి ఇచ్చింది. మధ్యలో మూడు చోట్ల నేను తప్పు రాసుకున్నానట, అంచున పెన్సిల్‌తో పెట్టింది, తుడిస్తే పోయేటట్టు. నేను తుడవలేదు.

రిటైరై రెండేళ్లయింది. సర్వీసు కాగితాల ఫైల్లో నా ఉత్తరం నకలు, జనవరి ఉత్తరం నకలు పక్కపక్కన ఉన్నాయి. పేర్ల మీద, ఆమె, అతను అన్నచోట్ల మీద వేళ్లు పెట్టి మూస్తే ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. ఆగస్టు నోటుబుక్కు కూడా ఉంది. ఆ పేజీ మీద ఇప్పటికీ నిలువు గీత లేదు. ఆ పేజీని ఉన్నదున్నట్టు, ఆమె పేరుతో నేను టైపు చేయలేదు కాబట్టి కొట్టే హక్కు లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే. ఏ రోజు డిక్టేషన్ ఆ రోజే టైపు చేయండి. గీతలు చల్లారిపోతాయని మా మాస్టారు ఆ నియమం పెట్టారనుకున్నాను. ఆ రోజు నా గీతలు చల్లారలేదు, ప్రతి మాటా స్పష్టంగా చదవగలిగాను. ఇంకొకరికి చెందిన మాట మన చేతిలో, మనకొక్కరికే తెలిసిన లిపిలో ఒక రాత్రి ఉంటే, తెల్లారేసరికి అది మనదే అనిపిస్తుంది. ఆ నియమం అందుకు.